రాజ్యం లేని సైన్యం, సైన్యం లేని రాజ్యం
(ఉక్రెయిన్ ప్రజల యుద్ధ చరిత్ర: స్మారకోపన్యాసం)



ఈ స్మారకోపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆ మాస్టారు ఏ యుద్ధం గురించి పాఠం చెప్పినా, ఎవరు గెలిచారన్నది చివర్లో చెప్పేవారు. ముందు రెండు ప్రశ్నలు వేసేవారు. ఆ సైన్యానికి తిండి ఎవరు పెట్టారు? అది ఎవరి మాట విన్నది? ఆ ప్రశ్నలతోనే ఈరోజు ఉక్రెయిన్ ప్రజల యుద్ధ చరిత్రను మీ ముందుంచుతాను. 2022లో అక్కడ వైద్యవిద్య చదువుతూ యుద్ధం మధ్య నుంచి ఇళ్లు చేరిన తెలుగు పిల్లలు మనలో ఎందరికో బంధువులు. అయినా ఆ దేశాన్ని పెద్ద రాజ్యాలు పోటీపడే స్థలంగా చూస్తున్నామే తప్ప, సొంత యుద్ధానుభవం ఉన్న జనంగా చూడటం లేదు.

నా వాదన ఇది. ఉక్రెయిన్ ప్రజలకు పోరాడేవాళ్ల కొరత ఏనాడూ లేదు. శతాబ్దాల పాటు వాళ్లకు సైన్యం ఉంది, రాజ్యం లేదు. రాజ్యం చేతికొచ్చిన రోజున సైన్యం లేదు. ఆ రెండూ ఒకచోట నిలబడినప్పుడే ఆ నేల నిలబడింది.

గడ్డిమైదానాల అంచున

మధ్యయుగంలో కీవ్ రాజుల రాజ్యం తూర్పు యూరప్‌లో పెద్దది. వొలొదిమిర్ 988లో క్రైస్తవం స్వీకరించాడు. దక్షిణాన గడ్డిమైదానాల నుంచి వచ్చే ఆశ్వికులతో పోరు ఆ రాజులకు నిత్యకృత్యం. అయితే వారసులు రాజ్యాన్ని ముక్కలుగా పంచుకున్నారు. 1240 డిసెంబరులో మంగోలులు కీవ్‌ను నేలమట్టం చేసినప్పుడు ఆదుకునే ఉమ్మడి సైన్యం లేదు. పడమట హాలిచ్ రాజు దనిలో 1253లో కిరీటం ధరించి కొంతకాలం నిలదొక్కుకున్నాడు. తర్వాత ఆ నేల చాలావరకు లిథువేనియా, పోలండ్ పాలకుల చేతికి వెళ్లింది. దక్షిణాన క్రిమియా ఖాన్ల ఆశ్విక దళాలు ఊళ్ల మీద పడి మనుషులను పట్టుకుపోయి బానిసలుగా అమ్మేవి. దూరాన ఉన్న రాజు రక్షించడని తెలిశాక, సరిహద్దు జనం తామే ఆయుధం పట్టారు.

సిచ్: దిగువ నుంచి పుట్టిన సైన్యం

ద్నిప్రో నది జలపాతాలు దాటాక పాయలుగా, దీవులుగా చీలుతుంది. వెట్టిచాకిరి తప్పించుకున్న రైతులు, వేటగాళ్లు, బతుకుతెరువు వెతుక్కునేవాళ్లు 16వ శతాబ్దంలో అక్కడ చేరి కొసాక్కులయ్యారు. వాళ్ల కోటను సిచ్ అన్నారు. అందులో కురేన్ అనే శిబిరాలు, తర్వాతి కాలంలో 38. ఒక్కో కురేన్‌ది ఒక్క వంటశాల, ఎన్నుకున్న ఒక్క నాయకుడు. ఏటా కొత్త సంవత్సరం రోజున రాడా, అంటే అందరి సభ, కూడి మొత్తం దండుకు అధిపతిని ఎన్నుకునేది. ఎంపికైనవాడు రెండుసార్లు వద్దనాలి, మూడోసారి ఒప్పుకోవాలి. అప్పుడు వృద్ధ కొసాక్కులు వచ్చి అతని తలమీద మట్టి వేసేవారు. నువ్వూ మాలో ఒకడివే, అది మరవకు అన్నది దాని భావం.

పోలండ్ రాజు కొలువులో పనిచేసిన ఫ్రెంచి ఇంజనీరు బోప్లాన్ వాళ్ల పడవలను దగ్గరుండి చూసి 17వ శతాబ్దంలో వర్ణించాడు. చైకా అనే ఆ పడవ పొడవు దాదాపు 60 అడుగులు. 60 మంది కలిసి రెండు వారాల్లో కట్టేవారు. రెల్లు మోపులను పీపా అంత లావున కట్టి రెండు పక్కలా బిగించేవారు. పడవలో నీళ్లు నిండినా ఆ రెల్లు తేల్చి ఉంచేది. ముందొకటి వెనకొకటి రెండు చుక్కానులు ఉండటంతో, వెనక్కి తగ్గాల్సి వస్తే పడవను తిప్పే పనే లేదు. 50 నుంచి 70 మంది ఎక్కేవారు. తిండికి పీపాలో ఎండు రొట్టె. యాత్రలో సారా నిషిద్ధం. పడవ నీటిమీద రెండున్నర అడుగులే కనిపిస్తుంది కాబట్టి శత్రువు కంటే ముందు వీళ్లే చూసేవారు. సూర్యుణ్ని వీపు వెనుక ఉంచుకుని పొద్దు గుంకేదాకా దూరంగా ఉండి, అర్ధరాత్రి చుట్టుముట్టేవారు.

ఇలాంటి పడవలతోనే 1616లో కొసాక్కు నాయకుడు పెట్రో సహైదాచ్ని క్రిమియాలోని కాఫా రేవు మీద పడి బానిసలను విడిపించాడు. అదే సహైదాచ్ని 1618లో పోలండ్ పక్షాన మాస్కో దాకా దండెత్తాడు. 1621లో ఖొతిన్ దగ్గర పోలిష్ సేనతో కలిసి ఒట్టొమన్ సుల్తాన్‌ను అడ్డుకున్నాడు. ఆ గాయాలతో 1622లో చనిపోతూ తన ఆస్తిని కీవ్, ల్వివ్ బడులకు రాసిచ్చాడు. కొసాక్కుల తిండి తమదే, నాయకుణ్ని ఎన్నుకున్నది తామే. కానీ ఎవరి యుద్ధం చేయాలన్నది మాత్రం ఇంకా తమ చేతిలో లేదు.

పటాలమే జిల్లా

ఆ పరిస్థితిని 1648లో కొసాక్కుల హెట్మాన్, అంటే అధినేత, బొహ్దాన్ ఖ్మెల్నిత్స్కీ మార్చాడు. జోవ్తి వొది, కోర్సున్, పిలియావ్‌త్సిల దగ్గర ఒకే ఏడాది పోలిష్ సేనలను వరుసగా ఓడించాడు. ఆ విజయాల నుంచి పుట్టిన పాలనకు అధికారికంగా జపోరోజ్యా సైన్యమనే పేరు. పటాలమే జిల్లా, దాని కర్నలే జిల్లా పాలకుడు, వందమంది దళమే తాలూకా. 1649 నాటి సైనిక జాబితా ఈనాటికీ ఉంది. 16 పటాలాలు, 40 వేలకు పైగా పేర్లు. వాటిలో కమ్మరి, దర్జీ, కుమ్మరి, మిల్లువాడు అని అర్థం వచ్చే ఇంటిపేర్లు చూస్తే ఆ సైన్యం ఎవరిదో తెలుస్తుంది.

ఈ విజయానికి చీకటి పక్షం ఉంది. దాన్ని దాటేయడం చరిత్రకు ద్రోహం. 1648లో తిరుగుబాటుదార్లు ఊరూరా యూదులను వేల సంఖ్యలో ఊచకోత కోశారు. భూస్వామి మీద కోపం నిస్సహాయుల మీద తీరింది. 1919లో అంతర్యుద్ధంలోనూ యూదుల మీద ఘోరాలు జరిగాయి, ఉక్రెయిన్ గణతంత్ర దళాలు కూడా అందులో ఉన్నాయి. 1943లో వొలీన్ ప్రాంతంలో ఉక్రెయిన్ తిరుగుబాటు సైన్యం పోలిష్ పల్లెల మీద చేసిన హత్యాకాండ కూడా అలాంటిదే. సేన చట్టానికి లోబడకపోతే ఏమవుతుందో ఈ మూడూ చెబుతాయి.

ఖ్మెల్నిత్స్కీకి ఒంటరిగా నిలబడే బలం చాలలేదు. ఆయన నమ్ముకున్న క్రిమియా తాతారులు 1651లో బెరెస్తెచ్కో దగ్గర యుద్ధం మధ్యలో వెళ్లిపోయారు. దాంతో మాస్కో అండ కోరాడు. 1654 జనవరిలో పెరెయాస్లావ్ చర్చిలో మాస్కో రాయబారి బుతుర్లిన్ ముందు ఆయన ఒక షరతు పెట్టాడు. మేం ప్రమాణం చేస్తాం, జార్ తరఫున మీరూ చేయండి అన్నాడు. మా ప్రభువు ప్రజలకు ప్రమాణం చేయడని రాయబారి కాదన్నాడు. కొసాక్కులు చర్చి బయటికి వెళ్లి చర్చించుకుని, తిరిగొచ్చి తాము మాత్రమే ప్రమాణం చేశారు. ఒక పక్షం దాన్ని ఒప్పందం అనుకుంది, మరో పక్షం దాన్ని లొంగుబాటు అనుకుంది. ఆ తర్వాతి శతాబ్దాల కలహానికి బీజం అక్కడుంది.

1667లో మాస్కో, పోలండ్ కలిసి ద్నిప్రో వెంబడి ఆ నేలను పంచుకున్నాయి. 1708లో హెట్మాన్ మజేపా స్వీడన్ రాజుతో చేతులు కలిపితే, రష్యా జార్ పీటర్ సేనలు బతూరిన్ పట్టణాన్ని జనంతో సహా నాశనం చేశాయి. మరుసటి ఏడు పొల్తావా ఓటమి. చివరికి 1775లో, టర్కీతో యుద్ధంలో తమ పక్షాన పోరాడిన సిచ్‌నే రష్యా రాణి కేథరిన్ సేనలు చుట్టుముట్టి రూపుమాపాయి. ఆఖరి అధిపతి కల్నిషెవ్స్కీ పాతికేళ్లు సొలొవెత్స్కీ మఠంలో బందీగా గడిపాడు.

పరాయి జెండాల కింద

సొంత సైన్యం పోయాక, మొదటి ప్రపంచయుద్ధంలో ఉక్రెయిన్ యువకులు రష్యా, ఆస్ట్రియా సేనలు రెండింటిలోనూ ఉన్నారు. ఒకే భాష మాట్లాడేవాళ్లు కందకాలకు అటూ ఇటూ నిలబడ్డారు. 1917లో కీవ్‌లో సెంట్రల్ రాడా అనే ప్రతినిధుల సభ ఏర్పడింది. లక్షలాది మంది సైనికులు దానికి విధేయత ప్రకటించారు. కానీ విన్నిచెంకో వంటి సోషలిస్టు నాయకులు శాశ్వత సైన్యాలకు కాలం చెల్లిందని నమ్మి, వాళ్లను సైన్యంగా కూడగట్టలేదు. 1918 జనవరిలో బోల్షెవిక్ దళాలు కీవ్ మీదికి వస్తుంటే, 29న క్రుతి రైల్వేస్టేషన్ దగ్గర వాళ్లకు ఎదురెళ్లింది నాలుగైదు వందల మంది క్యాడెట్లు, విద్యార్థులు. పట్టుబడిన పిల్లలను కాల్చి చంపారు. రాజ్యం ముందు వచ్చి సైన్యం వెనకబడితే ఆ మూల్యం ఎవరు చెల్లిస్తారో క్రుతి చెబుతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో 60 లక్షలకు పైగా ఉక్రెయిన్ వాసులు సోవియట్ ఎర్రసేనలో పోరాడారు. 1941లో కీవ్ చుట్టుముట్టడంలో లక్షలాది మంది బందీలయ్యారు. 1943లో ద్నిప్రో దాటి నవంబరు 6న కీవ్‌ను విడిపించినవారిలో వాళ్లున్నారు. అడవుల్లో తిరుగుబాటు సైన్యంగా నాజీలతోనూ సోవియట్లతోనూ తలపడినవాళ్లూ ఉన్నారు, జర్మన్ యూనిఫాం వేసుకున్నవాళ్లూ ఉన్నారు. నాజీయిజాన్ని ఓడించడంలో ఉక్రెయిన్ రక్తం పాలెంతో చెప్పకుండా ఆ విజయాన్ని ఒక్క రష్యా ఖాతాలో రాయడం అన్యాయం.

రెండూ కలిసిన వేళ

1991లో సోవియట్ యూనియన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ నేలమీద దాదాపు 7 లక్షల 80 వేల మంది సైనికులు, ప్రపంచంలో మూడో పెద్ద అణ్వాయుధ నిల్వ ఉన్నాయి. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్‌లు సరిహద్దులను గౌరవిస్తామని హామీ ఇచ్చాయి. ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదులుకుంది. ఇరవయ్యేళ్లు సైన్యం చిక్కిపోయింది. 2014లో క్రిమియా రష్యా చేతికి పోయిన వేళ, కాల్బలంలో యుద్ధానికి సిద్ధంగా ఉన్నది 6 వేల మందేనని ఆనాటి రక్షణ మంత్రి ప్రకటించాల్సి వచ్చింది. అప్పుడు మళ్లీ సిచ్ సంప్రదాయం లేచింది. స్వచ్ఛంద దళాలు ముందు వరుసకు వెళ్లాయి. ఊళ్లలో జనం చందాలు వేసుకుని బూట్లు, హెల్మెట్లు, మందులు కొని పంపారు. అయితే ఈసారి ఒక తేడా ఉంది. ఆ దళాలను క్రమంగా చట్టం పరిధిలోకి తెచ్చి, జీతమిచ్చి, తర్ఫీదిచ్చే రాజ్యం వెనుక ఉంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైనప్పుడు కీవ్ నిలబడటానికి ఆ ఎనిమిదేళ్ల పనే ఆధారం.

విశాఖ సభలో ఒక ఓడరేవు సంగతి చెప్పాలి. మన తూర్పు నౌకాదళంలో సేవ చేసి 2021 మే 21న ఇక్కడే సేవ నుంచి విరమించిన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ఉక్రెయిన్‌లోని మికొలాయివ్ నౌకానిర్మాణ కేంద్రంలో తయారైంది. రష్యా నల్లసముద్ర నౌకాదళానికి తలమానికమైన మొస్క్వా కూడా ఆ కర్మాగారంలోనిదే. 2022 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ సొంత నెప్ట్యూన్ క్షిపణులు దాన్ని ముంచాయి. అంతకు ముందే, తన ప్రధాన యుద్ధనౌక శత్రువు చేతిలో పడకూడదని ఉక్రెయిన్ నావికులే మికొలాయివ్‌లో దాన్ని ముంచేశారు. ఆ నౌక పేరు హెట్మాన్ సహైదాచ్ని. పెద్ద ఓడలు లేని ఆ దేశం తర్వాత నీటికి ఆనుకుని పరుగెత్తే మానవరహిత పడవలు తయారుచేసి, రష్యా నౌకాదళం చాలాభాగం క్రిమియా వదిలి తూర్పు రేవులకు తరలేలా చేసింది. బోప్లాన్ చూసిన యుద్ధనీతి ఇందులో కనిపిస్తుంది. కానీ ఈ పడవల వెనుక కర్మాగారాలు, బడ్జెట్, ఎన్నికైన ప్రభుత్వం ఉన్నాయి. చైకాలకు లేనిది అదే.

మిత్రులారా, సైన్యాన్ని ప్రజలే పోషించాలి, ఆ సైన్యం ప్రజలు ఎన్నుకున్నవారి మాటే వినాలి. ఈ సూత్రాన్ని ఉక్రెయిన్ ప్రజలు అపారమైన ప్రాణనష్టంతో నేర్చుకున్నారు. వాళ్ల భవిష్యత్తు ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా, పెద్ద రాజ్యాల లెక్కల కంటే ముందు వాళ్ల మాట వినాలని నా విజ్ఞప్తి. అక్కడ చదువుకుని వచ్చిన మన పిల్లలకు ఆ ఊళ్లు, ఆ మనుషులు, కొందరికి ఆ భాష కూడా తెలుసు. ఆ చరిత్రను మూడో చేతి నుంచి కాక నేరుగా తెలుగులోకి తెచ్చే పని వాళ్లు చేపట్టాలి, మన విశ్వవిద్యాలయాలు దానికి అండగా నిలవాలి.