కరెంటు పెడితే కంచం వేరు చేయాలా?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



అణువు, పరమాణువు అన్న మాట వినిపించగానే మనలో చాలామంది రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతారు. అది మగవాళ్ళ సంగతి, కాకపోతే పిల్లల పరీక్షల సంగతి అనుకుంటాం. దయచేసి ఒక్క పది నిమిషాలు కట్టెయ్యకండి. ఇవాళ నేను చెప్పబోయేది బాంబుల గురించి కాదు. ఒక కంచం, ఒక గ్లాసు గురించి.

మా పెద్దక్కకి రొమ్ములో గడ్డ వచ్చి ఆపరేషన్ అయింది. తర్వాత ఐదు వారాలు ఆస్పత్రికి తిరిగి ‘కరెంటు’ పెట్టించుకుంది. మనవాళ్ళంతా దాన్ని కరెంటు అనే అంటారు కదా! అది పూర్తయ్యాక చూడటానికి వెళ్ళాను. అక్క పక్క వరండాలో వేసి ఉంది. పక్కనే స్టూలు మీద ఒక కంచం, ఒక గ్లాసు, విడిగా. మూడేళ్ళ మనవరాలు గుమ్మం పట్టుకుని నిలబడి ‘నానమ్మా’ అని పిలుస్తోంది. అక్కేమో ‘రాకు తల్లీ, అక్కడే ఉండు’ అంటోంది.

‘ఒంట్లో కిరణాలుంటాయిటమ్మా. పసిపిల్ల తిరిగే ఇల్లు’ అన్నారు అక్కావాళ్ళ అత్తగారు, గొంతు తగ్గించి. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆపరేషన్ అయినప్పుడు ఆ వయసులో ఆస్పత్రి బెంచీ మీద రెండు రాత్రులు కూర్చున్న మనిషి. భయం, అంతే.

అదే నెలలో మా వీధిలో ఇంకొకావిడ గొంతుగ్రంథికి, అదే థైరాయిడ్‌కి, కాన్సర్ వచ్చి అయొడిన్ మందు మింగి, ఆస్పత్రిలో విడి గదిలో ఉండి ఇంటికి వచ్చింది. వచ్చిన మర్నాడే కూతురి బిడ్డని ఒళ్ళో పడుకోబెట్టుకుని వీధిగుమ్మంలో కూర్చుంది. ‘కొన్నాళ్ళు దూరంగా ఉండమన్నారు కదండీ’ అంటే, ‘నాకు కరెంటు పెట్టలేదుగా, మందేగా మింగింది’ అంది.

చూశారా! భయపడక్కర్లేని చోట కంచం వేరు చేశారు. జాగ్రత్త పడవలసిన చోట పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ తేడా ఎక్కడుందో చెప్పాలనే ఈ ప్రసంగం.

మనం వడియాలు ఎండలో పెడతాం. సాయంత్రం తీసి డబ్బాలో పోస్తాం. ఆ డబ్బాలో ఎండ ఉంటుందా? ఉండదు. ఎండ పని ఎండ చేసి పోయింది. ఇప్పుడు పసుపు సంగతి చూడండి. చేతికి పసుపు అయితే తలుపు ముట్టుకుంటే తలుపుకి, చీర ముట్టుకుంటే చీరకి అంటుతుంది. కిరణాలు ఒంటి మీద పడటం ఎండ లాంటిది. కిరణాలు వెదజల్లే పదార్థమే ఒంటికి అంటడం, ఒంట్లోకి వెళ్ళడం పసుపు లాంటిది. రెండూ ఒకటి కాదు.

మా అక్కకి జరిగింది ఎండ వైద్యం. పాత యంత్రాల్లో అయితే ఆ కిరణాలు కొబాల్టు అనే లోహం నుంచి వస్తాయి. పింగాణీ కప్పుల మీద నీలిరంగు పువ్వులుంటాయే, ఆ నీలం కొబాల్టుదే. మామూలు కొబాల్టు ఏ కిరణాలూ ఇవ్వదు. దాని కేంద్రకంలో 27 ప్రోటానులు, 32 న్యూట్రానులు, వెరసి 59. అణురియాక్టరులో కొంతకాలం ఉంచితే ఇంకొక్క న్యూట్రాను చేరి 60 అవుతుంది. ఆ ఒక్క న్యూట్రానుతో కేంద్రకానికి స్థిమితం పోతుంది. ఎప్పుడో ఒకప్పుడు నికెలుగా మారిపోతూ, ఆ మారడంలో గామా కిరణాలు విడుస్తుంది. దీనితో కాన్సరుకి వైద్యం మొదలైంది 1951లో, కెనడాలో. మన దేశంలోనూ విద్యుత్తు తీసే రియాక్టర్లలోనే ఈ కొబాల్టుని తయారు చేస్తారు.

కొబాల్టుని గట్టి లోహపు గొట్టంలో మూసి, యంత్రం తలలో బరువైన కవచం మధ్య పెడతారు. వైద్యం చేసే కొన్ని నిమిషాలూ దారి తెరుస్తారు, తర్వాత మూసేస్తారు. రోగి ఒంటికి కొబాల్టు ఒక్క నలుసు కూడా తగలదు. ఇప్పుడు చాలా ఆస్పత్రుల్లో కొబాల్టుకి బదులు లీనియర్ ఆక్సిలరేటరు అనే యంత్రం ఉంటోంది. అది నిజంగానే కరెంటుతో పనిచేస్తుంది. స్విచ్చి తీసేస్తే కిరణాలే ఉండవు. మనవాళ్ళు కరెంటు అని ఏ ముహూర్తాన అన్నారో గాని, చివరికి మాట నిజమైంది!

గర్భాశయ ముఖద్వారంలో కాన్సరుకి కొందరికి లోపల గొట్టం పెట్టి, దాని గుండా చిన్న కిరణాల గుళికని పంపి కొన్ని నిమిషాలు ఉంచుతారు. అదీ అంతే. గుళిక వెనక్కి తీసేశాక ఒంట్లో ఏమీ మిగలదు.

‘మరి నర్సులూ డాక్టర్లూ అందరూ బయటికి పోయి, అంత మందం గోడ వెనక ఎందుకు దాక్కుంటారు?’ అని అక్కావాళ్ళ అత్తగారు అడిగారు. మంచి ప్రశ్నే. రోగికి ఆ కిరణాలతో అవసరం ఉంది, అదీ కొన్ని వారాలే. నర్సుకి అవసరం లేదు, పైగా ఏళ్ళ తరబడి రోజూ ఎంతోమందికి పెట్టాలి. ఆ కిరణాలు కణాల్లోని వంశసూత్రాన్ని తెంపుతాయి. దాన్ని అతుక్కోవడం మామూలు కణాలకి చేతనైనంతగా కాన్సరు కణాలకి చేతకాదు. వైద్యం కిటుకంతా అదే.

కరెంటు పెట్టిన చోట చర్మం కమిలి నల్లబడితే ‘ఇంకా కిరణాలున్నాయి’ అనుకునేవాళ్ళున్నారు. ఎండలో తిరిగొచ్చినవాళ్ళ మొహం నల్లబడుతుంది. మొహంలో ఎండ ఉన్నట్టా? ఇంకొక మాట. కొబాల్టు 5 సంవత్సరాల 3 నెలలకి సగం బలం కోల్పోతుంది. అందుకని పాతబడ్డ కొద్దీ అదే మోతాదు కోసం ఎక్కువసేపు పెట్టాలి. ‘పోయినసారి రెండు నిమిషాలే, ఇప్పుడు మూడు, జబ్బు ముదిరిందేమో’ అని బెంగ పెట్టుకోకండి. డాక్టరుగారినే అడగండి.

ఇక పసుపు లాంటి వైద్యం. గొంతుగ్రంథికి పని చెయ్యాలంటే అయొడిన్ కావాలి. మన ఉప్పులో కలుపుతున్నది అందుకే. మామూలు అయొడిన్ సంఖ్య 127. మందుగా ఇచ్చేది 131. తేడా అంతా కేంద్రకంలోని నాలుగు న్యూట్రానులదే. బయట తిరిగే ఎలక్ట్రానులు రెండింటికీ 53. గ్రంథి ఎలక్ట్రానుల తీరుని బట్టే అయొడిన్‌ని పోల్చుకుంటుంది గనక, కొత్తదాన్నీ పాతదానిలాగే లోపలికి లాక్కుంటుంది. లోపలికి చేరాక అది బీటా కణాలు విడుస్తుంది. అవి రెండు మిల్లీమీటర్లు దాటిపోవు. అక్కడి కణాలనే కాల్చేస్తాయి, పక్కవాటి జోలికి అంతగా పోవు. నాకైతే వైద్యంలో ఇంత తెలివైన ఉపాయం ఇంకొకటి కనిపించదు. 1941లో బోస్టన్‌లో మొదటిసారి ఇచ్చారు, గ్రంథి అతిగా పనిచేసే రోగికి. ఈ వైద్యానికి ముందు కొన్నాళ్ళు అయొడిన్ ఉప్పు, సముద్రపు చేపలు మానమంటారు, గ్రంథికి ఆకలి పుట్టించడానికి. ఇంట్లో వంట చేసేవాళ్ళు తప్పక గుర్తుంచుకోవాలి. రోగికి తెలియకుండా పచ్చడిలో వేసిన ఉప్పు మందుని అడ్డుకుంటుంది.

అయితే ఇదే అయొడిన్ గామా కిరణాలు కూడా ఇస్తుంది. అవి ఒళ్ళు దాటి బయటికి వస్తాయి. మూత్రంలో, చెమటలో, ఉమ్మిలో మందే కొంత బయటికి పోతుంది. అందుకే వేరే పక్క, వేరే కంచం, వేరే తువ్వాలు, మరుగుదొడ్డిలో రెండు మూడుసార్లు నీళ్ళు పొయ్యడం. ఎన్నాళ్ళన్నది మోతాదుని బట్టి ఆస్పత్రివాళ్ళు చెబుతారు. పసిపిల్లల్ని, గర్భిణుల్ని దగ్గరికి రానివ్వకూడదు. దూరం రెట్టింపైతే మీద పడే కిరణాలు నాలుగో వంతుకి పడిపోతాయి గనక, గదికి అవతలి పక్కన కుర్చీ వేసుకుని కబుర్లు చెబితే పెద్దవాళ్ళకి ఫరవాలేదు. గర్భిణికి ఈ మందు ఇవ్వరు. పాలిచ్చే తల్లి ముందే పాలు మాన్పించాలి. తీసుకున్నాక ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. ఇవన్నీ సిగ్గుపడకుండా చెప్పవలసిన, అడగవలసిన సంగతులు.

ఈ మందు 8 రోజులకి సగం, 16 రోజులకి పావు అవుతుంది. 80 రోజులకి వెయ్యో వంతు కూడా ఉండదు. ఒంట్లోంచి బయటికి పోయేది పోను, నిజానికి ఇంకా తొందరగానే తగ్గుతుంది. కాబట్టి ఈ కంచం వేరుకీ గడువుంది.

ఎండ వైద్యం యంత్రం కూడా పగిలితే పసుపే అవుతుంది. 1987లో బ్రెజిల్‌లో గోయానియా అనే ఊళ్ళో వదిలేసిన వైద్యయంత్రాన్ని పాత ఇనుము కోసం విప్పేశారు. లోపలి సీసియం పొడి చీకట్లో నీలంగా మెరుస్తోందని ఇళ్ళకి పట్టుకుపోయారు, ఒంటికి పూసుకున్నారు. నలుగురు చనిపోయారు. ఆ పొడి అంటిన చేత్తోనే అన్నం తిన్న ఆరేళ్ళ పాప అందులో ఒకతె. రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీ నోటుపుస్తకాల్ని ఈనాటికీ సీసపు పెట్టెల్లో ఉంచుతున్నారు. ఆ కాగితాలకి అంటింది 1600 ఏళ్ళకి గాని సగమవని రేడియం మరి! కాబట్టి పెద్దావిడ భయం ఉత్త భ్రమ అని నేననను. చోటు తప్పిన భయం.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ వైద్యం జరిగితే ఒక్కటే అడగండి: ‘కిరణాలు బయటినుంచి పెట్టారా, మందుగా లోపలికి ఇచ్చారా?’ బయటినుంచి అయితే ఆ సాయంత్రమే మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. లోపలికి అయితే ఎన్నాళ్ళు దూరంగా ఉండాలో కాగితం మీద రాయించుకోండి.

మా వీధిలో ఆవిడ కూతురు ఆస్పత్రికి ఫోన్ చేసి, చీవాట్లు తిని, బిడ్డని తీసుకుని అత్తవారింటికి వెళ్ళిపోయింది. అక్కావాళ్ళ అత్తగారికి ఎండా పసుపూ అన్నీ చెప్పాను. మన ఒంట్లోనే పుట్టుకతో ఉన్న పొటాషియం నుంచి సెకనుకి నాలుగు వేల పైచిలుకు కిరణాలు వస్తూంటాయని కూడా చెప్పాను. ‘అయితే నన్నూ వరండాలో పడుకోమంటావా ఏమిటే’ అన్నారావిడ. ఎంతవరకు నమ్మారో తెలియదు. కంచం మర్నాడు వంటింటి గూట్లోకి వెళ్ళిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. గ్లాసు మాత్రం ఇంకో వారం స్టూలు మీదే ఉందట.