కార్ఖానా నుంచి బడిదాకా

హైదరాబాద్‌లో పత్తర్‌గట్టి రాతి కమాన్లు దాటి చార్మినార్ చేరితే, పక్కనే లాడ్‌బజార్ గాజుల దుకాణాలు. ఇలాంటి గాజులు చేసే పాతబస్తీ కార్ఖానాల నుంచి 2015 జనవరిలో పోలీసులు వందలమంది పిల్లలను విడిపించారు. ఎక్కువమంది బీహార్ పేదకుటుంబాల పిల్లలు. పసివాళ్లు, పాపం!

విడిపించడంతో పని తీరదు. చదువు ఆగిన పిల్లవాడు నేరుగా తరగతిలో కూర్చుంటే నిలదొక్కుకోలేడు. అందుకే అంతకు ఎన్నో ఏళ్ల ముందే శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రంగారెడ్డి జిల్లాలో శిబిరాలు పెట్టి, పనిమాన్పించిన పిల్లలను వయసుకు తగిన తరగతికి సిద్ధంచేసింది. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది.

దాతలారా, పండక్కి బట్టలివ్వడం మంచిదే. కానీ బస్తీ పిల్లల చదువుకు ఏడాది పొడవునా తోడుండండి. పనిలో పిల్లలు కనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.