స్టీరింగ్ పట్టే ముందు

ఖరగ్‌పూర్‌లోని గోల్‌బజార్ తెలుగు కుటుంబాలకు రైల్వే కొలువు తరతరాలుగా తెలిసిన బతుకుతెరువు. కలకత్తా నుంచి విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి కూడా మన ఊరి మీదుగానే సాగుతుంది. రైల్వే కొలువు కాకుండా ఆ దారిన లారీ నడపాలనుకునే యువతకు నాలుగు మాటలు.

లారీ లైసెన్సుకు 20 ఏళ్లు నిండాలి. అంతకుముందే కనీసం ఏడాదిగా తేలికపాటి వాహనాల లైసెన్సు ఉండాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో ఎత్తేశారు. డాక్టరు సర్టిఫికెట్, డ్రైవింగ్ స్కూలు ఇచ్చే శిక్షణ పత్రం కావాలి. లెర్నర్ లైసెన్సు వచ్చాక 30 రోజులు ఆగి డ్రైవింగ్ పరీక్షకు వెళ్లాలి. లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యువల్ తప్పదు.

లైసెన్సు రాగానే పని వచ్చినట్టు కాదు. కొన్నాళ్లు సీనియర్ డ్రైవరు పక్కన కూర్చోండి. బయల్దేరే ముందు టైర్లు తట్టి చూడడం, బ్రేకు గాలి మీటరు గమనించడం, టార్పాలిన్ తాళ్లు బిగించడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

చట్టం ప్రకారం డ్రైవరుకు పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. సరుకు ఎంత అర్జెంటైనా సరే, కునుకు వస్తే లారీ పక్కకు ఆపండి. మీ కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్లున్నారు.