దూరపు సర్వరు – దగ్గరి దారి

వెబ్‌సైట్ల నిర్మాణమును క్రొత్తగా నేర్చుకొనువారికి తొలిదినములలో ఎదురగు చిక్కు ఒకటి కలదు. చూచుటకు చిన్నదే, కాని దానిని తొందరపడి విప్పుకొన్నచో పెద్ద నష్టమునకు దారితీయగలదు. దానిని గూర్చి నేడు ముచ్చటింతుము.

పెక్కుమంది విద్యార్థులు జాంగో అను ఫ్రేమ్‌వర్క్‌తో ఈ విద్యను ఆరంభింతురు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున, లారెన్స్ పట్టణపు దినపత్రిక కార్యాలయములో 2003లో ఇది రూపుదాల్చి, 2005లో లోకమునకు ఉచితముగా అందినది. గిటారు విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరే దీనికి పెట్టిరి. వ్రాసినదానిని వెంటనే పరీక్షించుకొనుటకై ఇందులో ఒక చిన్న సర్వరు ఉన్నది. ‘రన్‌సర్వర్’ అను ఆజ్ఞ నీయగనే అది 127.0.0.1 అను చిరునామాలో, 8000 సంఖ్యగల పోర్టు వద్ద పని ప్రారంభించును.

విద్యార్థి ఇంటిలో నున్నాడు. ప్రోగ్రాము అద్దెకు తీసికొన్న దూరపు కంప్యూటరులో నున్నది. సర్వరు నడచుచున్నదని తెరపై వార్త వచ్చినది. ఇంటి బ్రౌజరులో ఆ చిరునామానే వ్రాసినాడు, ఏమియు రాలేదు. ఏలన, 127.0.0.1 అనగా ప్రతి కంప్యూటరునకును ‘నేనే’ అని అర్థము. దూరపు కంప్యూటరు ఆ మాట అన్నచో అది దూరపుదే; ఇంటి కంప్యూటరు అన్నచో ఇంటిదే. కనుక లోపము ప్రోగ్రామునందు లేదు.

అప్పుడు సాధారణముగా వినవచ్చు సలహా, ఆజ్ఞ చివర 0.0.0.0:8000 అని చేర్చుమని. అనగా ఏ మార్గమున వచ్చినవారినైనను రానిమ్మని సర్వరునకు చెప్పుట. అప్పటికిని ఫైర్‌వాల్ అడ్డగించవచ్చును. దానిని దాటినను, బ్రౌజరు పేర్కొన్న చిరునామా ‘అలౌడ్ హోస్ట్స్’ అను పట్టికలో లేనిచో జాంగో త్రోసిపుచ్చును. విసిగిన విద్యార్థి ఫైర్‌వాల్‌ను తెరచి, పట్టికలో నక్షత్రపు గుర్తు నుంచును. పుట కనబడును, కాని అతనికే కాదు, లోకమున కెల్లను.

ఇది సామాన్య విషయము కాదు. పొరపాటు జరిగినపుడు ఆ సర్వరు, నేర్చుకొనువాని మేలు కొరకు, ప్రోగ్రాములోని పంక్తులను, అందలి విలువలను తెరపై పరచును. దీనిని ప్రజల వాడుకకు పెట్టరాదనియు, దీనికి భద్రతా పరీక్షలు జరుగలేదనియు జాంగో కర్తలే తమ గ్రంథమున హెచ్చరించియున్నారు. 2015లో పేట్రియాన్ అను సంస్థ, వేరొక సాధనముతో, ఇట్టి పరీక్షా ప్రతిని బహిరంగముగా నుంచుటచే, సభ్యుల పేర్లు, ఈమెయిలు చిరునామాలు పరుల చేతికి చిక్కినవి.

ఇంతకంటె మేలైన మార్గమున్నది. 1995లో ఫిన్లండు దేశమున, తన విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో పాస్‌వర్డులు దొంగిలింపబడిన పిమ్మట, టాటూ యిలోనెన్ ఎస్.ఎస్.హెచ్. అను రక్షిత సాధనమును రచించెను. దూరపు కంప్యూటరులోనికి పోవుటకు విద్యార్థి నిత్యము వాడునది అదియే. ఇంటినుండి ఆ ఆజ్ఞ నిచ్చునపుడు ‘-ఎల్ 8000:127.0.0.1:8000’ అని చేర్చిన చాలును. రెండు యంత్రముల నడుమ సొరంగమువంటి దారి ఏర్పడును. ఇందాక నిరాశపరచిన చిరునామాయే ఇప్పుడు ఇంటి బ్రౌజరులో పలుకును. క్రొత్త తలుపేదియు తెరువలేదు, పట్టికను మార్చలేదు, దారిలో పోవు సమాచారము పరులు చదువలేని రూపమున నుండును.

పనిని పదుగురకు చూపవలసిన దినము వచ్చినపుడు, ‘డీబగ్’ను ఆపి, గునికార్న్, ఎంజినెక్స్ వంటి తగిన సర్వర్లను అమర్చుకొనవలెను. మా స్టూడియోలలో రిహార్సలు జరుగునపుడు ట్రాన్స్‌మిటరును కలుపము. అది శ్రోతలను దూరముంచుటకు కాదు. గాయకుడు నిర్భయముగా తప్పులు దిద్దుకొనుటకు. నేర్చుకొనువాని సర్వరునకును అట్టి ఏకాంతమే కావలెను.