బ్యాటరీ బండి తీగలు వేడెక్కుట
(వారాంతపు సమావేశమున చేసిన ప్రసంగపాఠము)

‘తీగ కాలినంతనే మోటారు మార్చవలెనా?’ అని మనవారిలో పలువురు మమ్ము ప్రశ్నించుచున్నారు. నేటి మా మాటలు ఆ ప్రశ్నకు సమాధానముగా గ్రహింపుడు.

మహదేవపురలోని గృహసముదాయములలోను, కార్యాలయ ప్రాంగణములలోను గోల్ఫ్ బండ్లు తిరుగుచుండుట మనమెల్లరము చూచుచున్నాము. గోల్ఫ్ బంతిని ఎన్నడును తాకియెరుగని మన వృద్ధులకు ఆ బండియే గేటునుండి గుమ్మమువరకు కాళ్లు. బ్యాటరీ వాహనము ఈ నగరమునకు క్రొత్తయు కాదు. బెంగుళూరున తయారై 2001లో వెలువడిన రేవా కారు 48 వోల్టుల సీసపు బ్యాటరీలతోనే నడిచెను. గోల్ఫ్ బండ్లలో 36 వోల్టులవియు, 48 వోల్టులవియు పెక్కు.

ఇంటిలోని 230 వోల్టులకు భయపడువారు 48 వోల్టులనగానే తేలికగా చూతురు. షాకు విషయమున అది కొంత నిజమే. వేడి విషయమున మాత్రము లెక్క తలక్రిందగును. 3 అశ్వశక్తుల పనికి సుమారు 2,240 వాట్లు కావలెను. 230 వోల్టులవద్ద దానికి 10 ఆంపియర్లు చాలును. 48 వోల్టులవద్ద 47 కావలెను. నిండిన బండి ఎత్తు ఎక్కునపుడు ఆ ప్రవాహము 200 ఆంపియర్లను చేరుటయు కలదు. తీగలో పుట్టు వేడి ప్రవాహపు వర్గము ననుసరించును. అనగా ప్రవాహము నాలుగు రెట్లయినచో వేడి పదునారు రెట్లగును.

ఒక్క వదులు అతుకును తీసికొందము. అచ్చట ఓములో వేయవవంతు నిరోధమున్నదనుకొనుడు. 50 ఆంపియర్లకు పుట్టునది రెండున్నర వాట్లు, ఎవ్వరికిని తెలియదు. 200 ఆంపియర్లకు 40 వాట్లు. రేడియో మెకానిక్కుల సోల్డరింగ్ ఇనుములలో పెక్కు 25 వాట్లవే! ఆ వేడియంతయు గోరంత చోట నిలుచును. రాగి నల్లబడును, నిరోధము పెరుగును, వేడి మరింత హెచ్చును.

ఇటీవల ఒక సముదాయమున బండి సీటు క్రిందనుండి కాలిన వాసన వచ్చెను. పెద్దలు క్రొత్త మోటారునకు ధర విచారించిరి. అంతటితో ఆగక, బండిని నడుపు మన తెలుగు యువకుడే దానిని పాడుచేసెనని, వాని జీతమున కోతకు సిద్ధపడిరి. మమ్ము పిలువగా వెళ్లితిమి. కేబులు పొడవునను గోరువెచ్చగానే యుండెను. మోటారును చేరు కొసయొద్ద మాత్రము చేయి నిలువలేదు. మల్టీమీటరును ఓములలో పెట్టి చూచిన ఆ అతుకు సున్న అనియే చూపెను. ఇంత స్వల్ప నిరోధమును ఆ పద్ధతి పట్టజాలదు. కావున మీటరును వోల్టులకు మార్చి, దాని క్లిప్పులలో ఒకటి మోటారు బోల్టునకును, రెండవది కేబులు లగ్గునకును తగిలించి, బండిలో మనుష్యులను కూర్చుండబెట్టి వాలు ఎక్కించితిమి. మంచి అతుకున కొద్ది మిల్లీవోల్టులే కనబడవలెను. ఇచ్చట వందలు కనబడెను. విప్పి చూడగా, లగ్గునకు పైన ఉండవలసిన ఉక్కు వాషరు క్రింద నుండెను. పూర్వము మరమ్మతు చేసినవారి పని యది. ఉక్కు రాగివలె విద్యుత్తును ప్రవహింపనీయదు. లగ్గు మార్చి, వాషరును పైకి చేర్చి బిగించితిమి. కోత మాట మరల వినబడలేదు.

బిగించుటకు రెండు స్పానర్లు కావలెను. క్రింది నట్టును ఒకదానితో పట్టుకొనక పైదానిని త్రిప్పినచో, బోల్టే తిరిగి మోటారులోపలి తీగను తెంపును.

కేబులు ఆసాంతము వేడెక్కినచో దోషము అతుకున లేదు. తీగ సన్నమైనదో, బరువు మిక్కిలియో విచారింపవలెను. టైర్లలో గాలి తగ్గుట, బ్రేకు పూర్తిగా విడువకుండుట, నలుగురి బండిలో ఏడుగురెక్కుట (పెండ్లిండ్లనాడు ఇది మామూలు!) చాలును. ఎత్తున బ్రేకు నొక్కక, ఆక్సిలరేటరుతోనే బండిని కదలకుండ నిలుపు అలవాటు అన్నిటికన్న చెడ్డది. మోటారు తిరిగినపుడే దానిలో ఎదురు వోల్టేజి పుట్టి ప్రవాహమును అదుపున నుంచును. నిలిచిన మోటారునకు ఆ అడ్డు లేదు.

చేయి పెట్టుటకు ముందు తాళము తీసి, బ్యాటరీ ప్రధాన కేబులును విప్పుడు. ఉంగరములు, గాజులు, గడియారము తీసివేయుడు. బ్యాటరీ కొసలను కలిపిన ఉంగరము క్షణములో ఎర్రగా కాగి వ్రేలిని కాల్చును. ఛార్జి అగునపుడు సీసపు బ్యాటరీలనుండి హైడ్రోజను వెలువడును గనుక అప్పుడు నిప్పురవ్వ పుట్టు పని ఏదియు వలదు.

కాలిన ఇన్సులేషనుపై నల్లటేపు చుట్టుట మరమ్మతు కాదు. ఆ కేబులు మార్చువరకు బండిని తీయకుడు, ఛార్జరు కలుపకుడు. రాత్రి కావలివానిని ఆ షెడ్డులో పరుండనీయకుడు.