అపశ్రుతి చెప్పే సంగతి

అపశ్రుతి వినబడగానే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. కాని భౌతికశాస్త్రం చదివేవారు సరిగ్గా అప్పుడే చెవి ఒగ్గి వినాలి. ఎందుకో పరిశీలిద్దాం.

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌ను తీసుకోండి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉద్యోగాలకు వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉంటున్నాయి. అలాంటి ఒక ఇంట్లో ఉదయం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద వీణ తీగనూ వేణువునూ 256 హెర్ట్‌జ్ పౌనఃపున్యానికి శ్రుతి కలిపారనుకుందాం. మధ్యాహ్నానికి 35 డిగ్రీలైంది. ఒక్కొక్క డిగ్రీకి గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. వేణువు లోపలి గాలి కూడా అంతే వేడెక్కితే దాని స్వరం దాదాపు 260 హెర్ట్‌జ్‌కు చేరుతుంది. వీణ తీగ లోహం కనుక వేడికి వ్యాకోచించి, బిగువు తగ్గి, స్వరం దిగుతుంది. అది 256 వద్దే నిలిచిందనుకున్నా, రెండూ కలిసి మోగినప్పుడు ధ్వని సెకనుకు 4 సార్లు హెచ్చుతూ తగ్గుతూ వినిపిస్తుంది. వీటినే విస్పందనాలు అంటాం. తీగ స్వరం దిగినకొద్దీ వీటి సంఖ్య పెరుగుతుంది. అంటే శ్రుతి ఎంత తప్పిందో అపశ్రుతే లెక్క చెబుతోందన్నమాట!

ఇందులో తప్పు ఏ వాద్యానిది? దేనిదీ కాదు. ఒకే ఎండకు రెండూ రెండు దారులు పట్టాయి. వేణువు రంధ్రాలను జరపలేం, వీణ బిరడను తిప్పగలం. తిప్పేకొద్దీ విస్పందనాలు 4, 2, 1గా తగ్గి, చివరకు ఆగిపోతాయి.

అన్ని అపశ్రుతులూ బిరడ తిప్పితే పోవు. రైల్వేల్లో ఆవిరి ఇంజన్ల కాలం నుంచి, ఆగిన రైలు చక్రాలను సుత్తితో తట్టి చూసేవారు. మంచి చక్రం ఖంగుమని మోగుతుంది. పగులుంటే దాని అంచులు ఒకదానితో ఒకటి రాసుకుని, కంపనశక్తి వేడిగా మారి, శబ్దం బొంగురుగా వచ్చి వెంటనే ఆగిపోతుంది. ఆ తేడా వినకపోతే ప్రమాదం ప్రయాణికులకే. అలాంటి చక్రాన్ని సర్దడం కాదు, తొలగించాలి. నేడు లోపలి పగుళ్లను పట్టడానికి 20,000 హెర్ట్‌జ్‌కు మించిన అతిధ్వనులు వాడుతున్నారు. పగులుకు తగిలి అవి ప్రతిధ్వనిస్తాయి.

కుండ కొనేటప్పుడు మీ అమ్మమ్మ వేలితో కొట్టి చూసేది ఇందుకే. ఇంట్లో ఒక మంచి పింగాణీ కప్పునూ బీటవారిన కప్పునూ చెంచాతో మెల్లగా తట్టి వినండి. ఏ శబ్దం ఎంతసేపు నిలిచిందో రాసుకోండి. కారణం తెలిశాకే బిరడ తిప్పాలో, చక్రం మార్చాలో నిర్ణయించగలం.