ఓడ ఆగుచోటు, మనము దిగుచోటు



మన గ్రామములలో డెబ్బది యేండ్లు దాటిన పెద్దలకు సముద్రయానమను మాట ఒకప్పుడు పురాణశ్రవణమునందు తప్ప చెవిని పడెడిది కాదు. ఇప్పుడట్లు గాదు. బిడ్డలు దూరదేశములందు స్థిరపడిరి. తల్లిదండ్రులను ఆఱు నెలలకు పిలిపించుకొందురు. పిలిపించుకొన్న పిదప, వారి ముచ్చట యొకటి తీర్చవలెనని వారము దినముల విహారనౌకకు టిక్కెట్లు కొందురు. అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు హ్యూస్టను నగరమున మనవారి కుటుంబములు చాల గలవు. ఆ నగరమునకు సమీపముననే గాల్వెస్టను రేవు ఉన్నది. అచ్చట బయలుదేఱు ఓడలు హోండురాసులోని రోవాటాను ద్వీపమునకు, బెలీజు నగరమునకు, మెక్సికోలోని కొజుమెలు ద్వీపమునకు పోయి మరలివచ్చుచుండును.

ఈ మూడు పేరులును ప్రయాణపత్రముమీద ఒకదానిక్రింద నొకటిగా, ఒకే అక్షరములతో అచ్చుపడియుండును. కాని దిగువాని కాళ్లకు ఈ మూడును ఒకటి కావు. రోవాటానులోను, కొజుమెలులోను ఓడ ధక్కాకు ఆనుకొని నిలుచును. వంతెనవంటి బల్లమీదుగా నడచి నేలమీద కాలు పెట్టవచ్చును. బెలీజు నగరమువద్ద ఓడ తీరమునకు కొన్ని మైళ్ల దూరముననే లంగరు వేయును. అచ్చటినుండి చిన్న పడవ యెక్కి పోవలయును. ఈ పడవను ఆ వృత్తివారు టెండరు అందురు. మన పంచాయతీ రోడ్డుపనులకు పిలుచు టెండరు వేఱు, ఇది వేఱు. అయినను షరతులు ముందుగా చదువుకొననివాడు నష్టపడుట రెండింటను సమానమే.

ఏ రేవున ఓడ ధక్కాకు చేరును, ఏ రేవున పడవ యెక్కవలెను, ఈ సంగతిని రూకలు చెల్లింపకముందే యెట్లు తెలిసికొనవచ్చును అనునదియే నేటి నా ప్రసంగము.

మన తీరమునకిది క్రొత్త సంగతి కాదు. చెన్నపట్టణమునకు ఒకప్పుడు రేవుకట్టడమే లేదు. ఓడలు దూరమున నిలువగా, మేకులు లేక కొబ్బరినారతో పలకలు కుట్టిన మసూలా పడవలు జనమును, సరకును కెరటములమీదుగా ఒడ్డునకు చేర్చెడివి. అక్కడ 1875లో రేవునకు శంకుస్థాపన జరిగినది. 1881లో తుఫాను వచ్చి కట్టినదానిని చాలభాగము కూల్చివేసినది. మరల కట్టవలసివచ్చినది. విశాఖపట్టణమున పెద్ద ఓడలు లోపలికి రాదగిన రేవు 1933లో తెఱవబడినది. అచ్చటనే 2023లో విహారనౌకలకు ప్రత్యేకముగా ఒక స్థానము ఏర్పడినది. కాకినాడలో లోతైన రేవు వచ్చిన పిదప కూడ, సముద్రములో నిలిచిన ఓడలకు బార్జీలమీద బియ్యము చేరవేయుట మానలేదు. కాబట్టి ఓడ వచ్చుట వేఱు, ఒడ్డునకు చేరుట వేఱు అను వివేకము కోస్తా పెద్దలకు పుట్టుకతో వచ్చినదే. దానిని ప్రయాణపు టిక్కెట్టు కొనునప్పుడు కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

ఇంత ధనము గడించుచున్న రేవులవారు అన్నిచోట్లను ధక్కా కట్టరాదా అని కొందఱు నన్నడిగిరి. కట్టకుండుటకు ఒక్కొక్కచోట ఒక్కొక్క కారణము గలదు. బెలీజు నగరమువద్ద పగడపు దిబ్బలును, లోతు చాలని నీరును పెద్ద ఓడను దగ్గఱకు రానీయవు. గ్రీసు దేశపు శాంటోరినిలో దీనికి సరిగా వ్యతిరేకము. అది అగ్నిపర్వతము పేలి క్రుంగిన పల్లము. నీరు వందలకొలది మీటర్ల లోతు. ఒడ్డు నిలువు కొండ. అచ్చట పడవ దిగిన తరువాత కూడ పని తీరదు. ఫిరా పట్టణము కొండకొమ్మున నున్నది. తీగెమీద నడచు పెట్టెలో నెక్కవలెను. కాదన్నచో సుమారు ఆఱువందల మెట్లు. ఇంగ్లీషు కాలువలోని గెర్న్‌సీ ద్వీపమున సముద్రపు పోటుపాటులు మిక్కిలి హెచ్చు. అచ్చటి సెయింట్ పీటర్ పోర్టు చిన్నది. పెద్ద విహారనౌకలు వెలుపలనే నిలుచును.

గ్రాండ్ కేమను ద్వీపమున కారణము ప్రజల యభిప్రాయమే. అచ్చట విహారనౌకలకు ధక్కా కట్టవలెనా వలదా అని 2025 ఏప్రిలు 30వ తేదీన జనుల నడిగిరి. వలదను పక్షమే నెగ్గినది. కట్టినచో తమ పగడపు దిబ్బలు చెడునని, జనసమ్మర్దము హెచ్చునని భయపడినవారు పలువురు. వారి ఊరు, వారి సముద్రము. వారి మాటను మనము తప్పుపట్టరాదు. ఇక క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్‌వంటి చోట్ల రెండు విధములును గలవు. గ్రూజ్ రేవున చోటున్నచో ఓడ ధక్కాకు చేరును. ఆనాడు ఓడలు హెచ్చుగా వచ్చినచో కొన్ని పాతకోట యెదుట లంగరు వేసి జనమును పడవలలో దింపును. కాబట్టి ఊరిపేరు తెలిసినంతమాత్రమున సరిపోదు. ఏ ఓడ, ఏనాడు, ఎచ్చట నిలుచునో తెలియవలెను.

ఇదంతయు ఇంత శ్రద్ధగా తెలిసికొనవలసిన విషయమా యని మీకు తోచవచ్చును. నాకు ఇది శ్రద్ధింపదగినదని తెలిపిన సందర్భ మొకటి చెప్పెదను.

కొన్నియేండ్ల క్రిందట నేను మా అమ్మాయి కుటుంబముతో అట్టి యోడలో ప్రయాణము చేసితిని. మా భోజనపు బల్లవద్దనే అమరావతి ప్రాంతపు రైతొకరు కూర్చుండెడివారు. ఎనుబది యేండ్ల వయస్సు, చక్రముల కుర్చీ, చెదరని జ్ఞాపకశక్తి. బెలీజులో ఆల్టున్ హా యను ప్రాచీన మాయాజాతివారి దేవాలయ శిథిలములు కలవని మనుమరాలు చెప్పినది మొదలు ఆయన వేఱు మాట యెత్తలేదు. "మన స్తూపపు రాళ్లు చూచుచు పెరిగినవాడను మాస్టారూ, వీరి రాళ్లెట్లుండునో చూడవలెను" అని నాతో మూడు దినములు చెప్పిరి. కుమారుడు నెల ముందే ఆ యాత్రకు టిక్కెట్లు కొనియుంచెను. ఆ ఉదయము ఓడ క్రిందియంతస్తున, తెఱచిన తలుపువద్ద, పడవ మూరెడు లేచుచు మూరెడు దిగుచు నుండెను. అచ్చటి నౌకరు మర్యాదగనే అడిగెను: మీయంతట మీరు రెండడుగులు వేయగలరా? వేయలేరని తేలినది. కుమారుడు తాను ఎత్తుకొని దింపెదననెను. వారు ఒప్పుకొనలేదు, ఒప్పుకొనకుండుట న్యాయమే. ఎత్తుకొన్నవాని కాలు జాఱినచో ఇద్దఱును ఓడకు పడవకు నడుమ పడుదురు.

"అబ్బాయీ, నీవు పిల్లలను తీసికొని పొమ్ము. నేను మాస్టారితో కూర్చుందును" అని ఆయన వారిని పంపివేసిరి. నేనును ఆ పూట దిగలేదు. చాలసేపు సముద్రమువైపు చూచి ఆయన యిట్లనిరి: "గుడి చూడలేదని కాదండీ. నలుగురిలో నిలిపి నీకు నడక వచ్చునా యని అడిగించుకొంటిని. ఇంటివద్దనే తెలిసియుండిన నేనే రానందును. ఆ మాట నాదై యుండును."

ఈ తుదిమాట యందే నా ప్రసంగసారమంతయు నున్నది. ముందు తెలిసినచో అది మన నిర్ణయము. తెలియకున్నచో అది యితరులు మనకు చేసిన నిరాకరణము.

ఇక తెలిసికొను విధము. మొదట సంస్థవారిచ్చు ప్రయాణపత్రమును తెఱచి, రేవు పేరు ప్రక్కను, పట్టిక అడుగున సన్న అక్షరములతోను ఏమి వ్రాసినారో చదివింపుడు. పెక్కు సంస్థలు టెండరు అవసరమని గాని, లంగరు బొమ్మతో గాని, ఒక చుక్క గుర్తుతో గాని సూచింతురు. గుర్తు లేనిచోట ధక్కా యున్నదని తలపకుడు. కొందఱు వ్రాయనే వ్రాయరు.

రెండవది, సంస్థవారికి వ్రాసి అడుగుట. అంగవైకల్యము గలవారికొఱకు వారివద్ద ప్రత్యేక శాఖ సామాన్యముగా నుండును. మూడు ప్రశ్నలు చాలును. మా యోడ ఆ తేదీన ఆ రేవున ధక్కాకు చేరునా, లంగరు వేయునా? పడవలు మీవా, ఆ యూరివారివా? కుర్చీలో నున్నవారు అట్టి పడవ యెక్కుటకు మీ నిబంధన యేమి? నోటిమాటతో తృప్తిపడక ప్రత్యుత్తరమును వ్రాతమూలముగా గైకొనుడు. కుర్చీ విద్యుత్తుతో నడచునదైనచో దాని బరువు కూడ తెలుపవలెను. బరువైన కుర్చీలను పడవలలోనికి ఎక్కనీయని సంస్థలు పెక్కు.

మూడవది, రేవు అధికారుల పట్టిక. అనేక రేవులవారు ఏయే తేదీన ఏయే యోడ వచ్చునో, కొందఱు అది ఏ ధక్కాన నిలుచునో కూడ ముందుగనే అంతర్జాలమున ప్రకటింతురు. మనుమడు ఫోనులో నిమిషములమీద చూచి చెప్పగలడు. దేశము పేరు కాక రేవు పేరే చెప్పి వెదకింపవలెను. బెలీజు నగరమువద్ద పడవ తప్పదు గాని, అదే దేశపు దక్షిణభాగమున హార్వెస్ట్ కే అను ద్వీపమున 2016 నుండి ధక్కాయే యున్నది.

నాల్గవది, ముందు పోయివచ్చినవారి మాట. ఇది మంచిదే, కాని ఏ సంవత్సరమున పోయిరో అడిగి మఱీ నమ్మవలెను. అలాస్కాలోని ఐసీ స్ట్రెయిట్ పాయింటున 2016 వఱకు పడవలే గతి. ఆ యేడు ధక్కా వచ్చినది. అంతకు ముందు చూచినవాడు పడవయేయని ప్రమాణము చేయును. వాని మాట వానికాలమునకు నిజమే.

ఇన్ని చేసినను తుదినిర్ణయము నౌకాధిపతిది. గాలి హెచ్చినచో, కెరటము లేచినచో, ఆయన ఆ రేవును విడిచి పోవచ్చును. దక్షిణ అట్లాంటికున ఫాక్‌లాండు ద్వీపముల స్టాన్లీవంటి గాలిచోట్ల ఇది అప్పుడప్పుడు జరుగునదే. అట్లు విడుచుటకు తమకు హక్కు గలదని సంస్థలు టిక్కెట్టు షరతులలోనే వ్రాసికొందురు. కాబట్టి జీవితమున ఒక్కమాఱు చూడదలచిన స్థలము పడవమీద తప్ప చేరరానిదైనచో, దానినొక్కదానినే నమ్ముకొని ప్రయాణము కట్టరాదు. భూమార్గముననో, విమానముననో పోవు వీలున్నదేమో ఆలోచింపవలెను.

పడవ యెక్కగలవారికి రెండు మాటలు. మూడువేల జనముగల ఓడనుండి నూఱేసిమందిని పట్టు పడవలతో దింపుటకు ముప్పది పర్యాయములు పట్టును. అందుచేత వరుససంఖ్యలు ఇత్తురు. సంస్థవారి యాత్రలకు రూకలు కట్టినవారిని సామాన్యముగా ముందు పంపుదురు. తొందర లేనివారు రెండవ జాములో దిగుట సుఖము. రెండు చేతులును ఖాళీగా నుంచుకొనుడు. సంచి భుజమున వ్రేలాడవలెను. కళాసీ చేయి చాపినప్పుడు వ్రేళ్లు కాక మణికట్టు పట్టుకొనుడు. అతడును మీ మణికట్టునే పట్టుకొనును. అతడు రమ్మన్నప్పుడే అడుగు వేయుడు. గోదావరిలో లాంచీ యెక్కిన అలవాటున ముందే దూకకుడు. నది ఊపు వేఱు, సముద్రపు ఊపు వేఱు. ఒక దినమునకు వలయు మందులు వెంట నుంచుకొనుడు. తుదిపడవ ఎన్ని గంటలకో తెలిసికొని, దానికి ముందటి పడవకే రండు.

పిల్లలు మనకు టిక్కెట్లు కొనునప్పుడు ఓడలో ఎన్ని అంతస్తులు, ఎన్ని భోజనశాలలు అని చెప్పి సంతోషపెట్టుదురు. విని సంతోషింపుడు. ఆ తరువాత, నాయనా, ఏ యూర ఓడ ఒడ్డుకు చేరును, ఏ యూర పడవ యెక్కవలెను అని అడుగుడు. అడిగినందుకు ఎవ్వరును చిన్నబుచ్చరు. నడక తగ్గినవారు ఓడయంతయు ధక్కాలకే చేరు మార్గమును కోరవచ్చును. అట్టివి కావలసినన్ని గలవు. లేదా, ఆ యొక్క పూట ఓడమీదనే యుండి సముద్రము చూచెదనని తామే నిశ్చయించుకొని హాయిగా కూర్చుండవచ్చును. రెండును మంచివే. తెలిసి చేసికొన్నవై యుండుట ముఖ్యము.

సెలవు.